పల్లె బడిలో పిల్లల మంచిపనులనూ గెలుపులనూ పండగ చేసుకోవడం ఎలా: ఒక నోటుబుక్కుతో మొదలుపెట్టండి

మాది కర్నూలు పడమటి మండలాల్లో ఒక ఎంపీపీ స్కూలు, అంటే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, 46 మంది పిల్లలు, మూడు గదులు, ఇద్దరం టీచర్లం. ఆరేళ్ల కిందట నేనొక తప్పు చేశాను. నెలకొకరిని 'ఈ నెల మంచి విద్యార్థి'గా ఎంచి జామెట్రీ బాక్సు ఇస్తానని ప్రకటించాను. మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెలలో ఒకటో తరగతి పిల్లల చెప్పులు మాయం కావడం మొదలైంది. మాయమైన ప్రతి చెప్పునూ ఒకే నాలుగో తరగతి పిల్లాడు వెతికి తెచ్చేవాడు. "సార్, చింతచెట్టు వెనకాల ఉన్నింది" అని ఆయాసపడుతూ చెప్పేవాడు. మూడోసారికి గానీ నాకు వెలగలేదు. వాణ్ని కోప్పడలేదు. ఆ ఆట నేర్పింది నేనే కదా.

తర్వాత తెలిసింది, ఇది మా బడి వింత కాదని. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఇరవై నెలల పసిపిల్లలు ఎవరైనా వస్తువు కింద పడేసుకుంటే వెళ్లి తీసిస్తారు, ఎవరూ నేర్పకుండానే. అలా తీసిచ్చినప్పుడల్లా కొందరికి ఆటవస్తువు ఇచ్చారు, కొందరికి మెచ్చుకోలు మాట చెప్పారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఇవ్వడం ఆపేసి చూస్తే, వస్తువుకు అలవాటుపడ్డ పిల్లలే సాయం తగ్గించేశారు.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. మంచిపనికి ధర కట్టడం మానేశాం. చూసినవాళ్లు ఉండాలి, చూసింది చెప్పాలి, అంతవరకే. కింద రాసిందంతా ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. ఒకరిద్దరు టీచర్లున్న బడిలో, రోజుకు పది నిమిషాల్లో అయ్యే పని ఇది.

మొదటి పని: చూసింది రాసే పుస్తకం

వంద పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొనండి. అట్టకు కన్నం పెట్టి, పురికొసతో పెన్ను కట్టి, హాజరు పట్టీ పెట్టే చోటే పెట్టండి. బీరువాలో పెడితే వారం తర్వాత అది బీరువాలోనే ఉంటుంది. మా పిల్లలు దాన్ని 'చూసిన పుస్తకం' అంటారు. పేరు మీ ఇష్టం.

రాసేటప్పుడు నాలుగు సంగతులు రావాలి: తేదీ, ఎవరు, ఏం చేశారు, ఎక్కడ. విశేషణాలు వద్దు. 'మంచి పిల్ల', 'చాలా సహాయం చేసే గుణం' అని రాస్తే అది రేపు ఎవరికైనా అతుకుతుంది. మా పుస్తకంలోని రెండు రాతలు పేర్లు తీసేసి ఇక్కడ పెడుతున్నాను.

'బుధవారం. అన్నం బెల్లు తర్వాత. ఒకటో తరగతి వాళ్లకు బోరింగు హ్యాండిల్ అందడం లేదు. ఐదో తరగతి అబ్బాయి తను తినకముందే పదకొండు మందికి నీళ్లు కొట్టిచ్చాడు. చివర్న తన పళ్లెం కడుక్కోవడానికి తనే కొట్టుకుని తనే పట్టుకోలేక అవస్థపడ్డాడు.'

'శుక్రవారం. మూడో తరగతి. వానాకాలం అంతా రాని పిల్ల ఈరోజు వచ్చింది. పాఠం ఏ పేజీలో ఉందో తెలియక పుస్తకం తిప్పుతోంది. పక్కనున్న అమ్మాయి మాట్లాడకుండా తన పుస్తకాన్ని మధ్యకు జరిపి, చదువుతున్న చోట వేలు పెట్టింది. పాఠం అయ్యేదాకా వేలు తియ్యలేదు.'

ఆ రెండోది నేను చూసింది కాదు, మా మేడం చూశారు. నేను అదే గదిలో బోర్డు మీద రాస్తున్నాను. వెనక్కి తిరిగి ఉన్న మనిషికి బడిలో సగం సంగతులు తెలియవు. అందుకే ఇద్దరూ రాయాలి.

లెక్క కూడా చూసుకోండి. నెలకు సుమారు 24 పనిదినాలు, 46 మంది పిల్లలు. రోజుకు రెండు రాతలు రాస్తే నెలలో అందరి పేర్లూ ఒక్కసారైనా రావాలి. రావు. నెలాఖరున హాజరు పట్టీ పక్కన పెట్టుకుని టిక్కులు పెట్టండి, కొన్ని పేర్లకు ఐదారు టిక్కులు ఉంటాయి, కొన్నింటికి ఒక్కటీ ఉండదు. మొదటి నెల మా బడిలో పద్నాలుగు పేర్లకు ఖాళీ వచ్చింది. వాళ్లలో చెడ్డ పిల్లలెవరూ లేరు. వెనక కూర్చునేవాళ్లు, మాట్లాడనివాళ్లు, పత్తి ఏరే రోజుల్లో రానివాళ్లు. ఖాళీ ఉంది కదా అని ఏదో ఒకటి కల్పించి రాయకండి, పిల్లలు ఇట్టే పసిగడతారు. మనం నిలబడే చోటు మార్చాలి. వచ్చే నెల ఆ పద్నాలుగు మంది ఎక్కడుంటారో అక్కడ నాలుగు రోజులు తచ్చాడండి: అన్నం వరుసలో, బోరింగు దగ్గర, ఇంటికి పోయే దారిలో. తరగతిలో నోరెత్తని ఒక పిల్లాడు రోజూ తమ్ముణ్ని వాగు దాటించేటప్పుడు భుజానికెత్తుకుంటాడని నాకు అలాగే తెలిసింది.

ఇక ఒక కట్టడి. ఈ పుస్తకం ఎప్పుడూ బెదిరింపు కాకూడదు. "అల్లరి చేస్తే నీ పేరు కొట్టేస్తా" అన్న రోజున అది చచ్చిపోతుంది. తప్పులు రాసే పేజీ వెనక వైపు మొదలుపెట్టడం అసలే వద్దు. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. చట్టం లేకపోయినా మనకు తెలిసిన సంగతే అది.

రెండో పని: పిల్లల్ని కూడా చూసేవాళ్లను చేయడం

రెండు నెలలు టీచర్లే రాశాక పిల్లలకు అప్పగించండి. ముందు మేం అందరూ చేసేదే చేశాం, అట్టపెట్టెకు చీలిక పెట్టి చీటీలు వేయమన్నాం. వారం తిరక్కముందే స్నేహితులు ఒకరి పేరు ఒకరు రాసుకున్నారు. ఒక వీధి పిల్లలు ఆ వీధి వాళ్ల పేర్లే రాశారు. ఊళ్లో గీతలు ఎక్కడెక్కడున్నాయో ఆ చీటీలు పరిస్తే పటం గీసినట్టు కనబడింది. మనసు చివుక్కుమంది గానీ, తెలిసింది మంచిదే.

అప్పుడు మా మేడం ఒక ఆట కనిపెట్టారు. సోమవారం అందరి పేర్లూ చీటీలు చుట్టి స్టీలు గిన్నెలో వేస్తాం. తలా ఒకటి తీసుకుంటారు. వచ్చిన పేరు ఎవరికీ చెప్పకూడదు. ఆ వారమంతా ఆ మనిషిని గమనించాలి. శనివారం 'నా మనిషి ఇది చేసింది, నేను చూశాను' అని చెప్పాలి. తన పేరు తనకే వస్తే మళ్లీ తియ్యాలి. ఒకటి, రెండు తరగతుల వాళ్లు రాయలేరు కాబట్టి బొమ్మ వేస్తారు, లేదంటే ఐదో తరగతి వాళ్ల చెవిలో చెబితే వాళ్లు రాస్తారు. గూఢచారి ఆట కదా, పిల్లలకు పండగే. అయితే దీనివల్ల జరిగే అసలు పని వేరు. ఎప్పుడూ పక్కన కూర్చోని పిల్లను వారం రోజులు కళ్లతో వెంబడించాలి. ఏమీ కనబడలేదంటే, "ఈ వారం చూడ్డం కుదరలేదు" అని చెబితే చాలు, తప్పు కాదు.

వంట చేసే అక్కనూ ఆయమ్మనూ అడగడం మరవకండి. ఎవరు గుడ్డు తినకుండా చెల్లెలికి దాచుకుంటారో, ఎవరు గరిటె అందిస్తారో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వాళ్లు రాయక్కర్లేదు. సాయంత్రం గిన్నెలు తోమే వేళకు వెళ్లి "ఈరోజు ఏం చూశావక్కా?" అంటే చాలు.

మూడో పని: ప్రార్థనలో ఒక్క నిమిషం

రోజూ ప్రతిజ్ఞ చెప్పిస్తాం కదా. 'ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను' అన్న వాక్యం నోటికి అలవాటైపోయి ఎవరికీ వినబడదు. ఆ ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారనీ, అది ముందు తెలుగులోనే పుట్టిందనీ మా పిల్లలకు ఒకసారి చెప్పాను. ఆయన మనలాగే తెలుగు మాట్లాడేవాడని తెలిసి తెగ ఆశ్చర్యపోయారు. మా ఒక్క నిమిషం ప్రతిజ్ఞ అయిన వెంటనే వస్తుంది, ఇప్పుడే అన్న మాట నిన్న ఎక్కడ జరిగిందో చెప్పినట్టుగా.

రోజుకు ఇద్దరు, అంతకుమించి వద్దు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవండి. వేదాంతం జోడించకండి, "మీరందరూ ఇలాగే ఉండాలి" అనకండి. ఆ మాట అన్న మరుక్షణం మెచ్చుకోలు కాస్తా మిగతా నలభై నాలుగు మందికి చీవాట్లయిపోతుంది. ముందుకు పిలవడం కూడా అందరికీ నచ్చదు. కొందరు పిల్లలకు నలుగురిలో నిలబడటమంటే కడుపులో టెన్షన్. "నీ గురించి చదవనా?" అని ముందురోజే అడగండి. తల అడ్డంగా ఊపితే చదవకండి, పేజీ మాత్రం చూపించండి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను, ఇందులో నేనే కాలు జారాను. ఒక అమ్మాయి తన రెండో జత యూనిఫాం మరో పిల్లకు ఇచ్చింది. మురిసిపోయి ఇద్దరి పేర్లూ చదివేశాను. ఇచ్చిన పిల్లకు చప్పట్లు కొట్టారు. పుచ్చుకున్న పిల్ల మర్నాడు బడికి రాలేదు, మూడో రోజు పాత చిరుగుల గౌనే వేసుకుని వచ్చింది. సాయం అందుకున్నవాళ్ల పేరు, వాళ్ల లేమి బయటపెట్టకండి. బట్టలు, తిండి, డబ్బు, అమ్మానాన్నల గొడవలు, పక్క తడపడం లాంటివి ఉంటే ఆ సంగతి చేసిన పిల్లకు చెవిలో చెప్పేదే గానీ ప్రార్థనలో చదివేది కాదు.

నాలుగో పని: గెలుపులు, అంటే మార్కులొక్కటే కావు

మార్కుల్లో ముందున్నవాళ్లను మెచ్చుకోవద్దని నేననను. నవోదయ ఆరో తరగతి పరీక్షకు కూర్చునే ఐదో తరగతి పిల్లలు, గురుకులం ఐదో తరగతి ప్రవేశానికి రాసే నాలుగో తరగతి పిల్లలు చలికాలమంతా కష్టపడతారు. ఒక నవోదయలో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లు. జిల్లా అంతా పోటీ. సీటొస్తే స్వీట్లు పంచండి. అయితే ఫలితాల రోజున కాకుండా, పరీక్ష రాసొచ్చిన మర్నాడే ముందొక చిన్న పండగ చేయండి. రాసిన ఐదుగురినీ నిలబెట్టి, వాళ్లు ఎన్ని లెక్కలు చేశారో ఆ నోటుబుక్కులే చూపించండి. ఫలితాల రోజున నలుగురికి ఎటూ ఏడుపే మిగులుతుంది. ఆ ఏడుపు ముందు ఒక మంచి రోజు ఉండనివ్వండి.

మిగతావాళ్లకు, నిన్నటి తనతోనే పోటీ. జూన్ 12 ప్రాంతంలో బడి తెరవగానే ప్రతి పిల్ల చేతా ఒక పేజీ రాయించి తేదీ వేసి దాచండి. రాయలేని పిల్ల గీసిన గీతలనూ దాచండి. మళ్లీ నవంబరులో, ఏప్రిల్‌లో అదే పని. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే ఇక మీరేమీ చెప్పక్కర్లేదు. మా దగ్గర ఒక పిల్లాడి జూన్ కాగితంలో 'అ' అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. నవంబరులో వాడి పేరు, వాళ్ల నాన్న పేరు, మేక పేరు ఉన్నాయి. వాడు ఆ మేక పేరు చూపించి నవ్విన నవ్వు ఏ కప్పుకూ రాదు.

మెచ్చుకునే మాట విషయంలో నేను పాత అలవాటు మానుకోవడానికి రెండేళ్లు పట్టింది. "నువ్వు తెలివైనదానివి" అనేవాణ్ని. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లల మీద చేసి 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన పజిళ్లు ఎదురయ్యాక తొందరగా జావగారిపోయారు. బాగా కష్టపడ్డావని విన్నవాళ్లు పట్టు వదల్లేదు. కాబట్టి చేసిన పని పేరు పెట్టి చెప్పండి: "మూడుసార్లు చెరిపావు, నాలుగోసారి భాగహారం నిలబడింది." ఇదే మాట పేపరు మీద ఎర్ర పెన్నుతో 'గుడ్' బదులు రాయొచ్చు. ఇంకో రెండు సెకన్లు పడుతుంది.

ఐదో పని: ఇంటికి మంచి కబురు

బడి నుంచి ఫోనొస్తే మా ఊళ్లో గుండె ఝల్లుమంటుంది. జ్వరమో, దెబ్బో, కొట్లాటో. మొదటిసారి ఒక తల్లికి మంచి మాట చెప్దామని రాత్రి ఏడున్నరకు చేశాను. పొలం నుంచి వచ్చి పొయ్యి ముందు ఉన్నట్టుంది.

"ఏమైంది సార్? మావోడు కొట్లాడినాడా?"

"ఏం కాలేదమ్మా. ఈరోజు మీవాడు అన్నం తినకముందే చిన్నపిల్లలందరికీ నీళ్లు కొట్టిచ్చాడు. అది చెప్దామని చేశాను."

కాసేపు అటునుంచి మాట లేదు.

"అంతేనా సార్?"

"అంతేనమ్మా."

"...సరే సార్. తిన్నారా?"

ఈ ఫోన్లు వారానికి మూడు చాలు, ఒక్కోటి రెండు నిమిషాలు. మంచి కబురు చెప్పడానికి చేసినప్పుడు వెనకాలే ఫిర్యాదు తగిలించకండి. "నీళ్లు కొట్టిచ్చాడు గానీ ఎక్కాలు రావట్లేదు" అంటే ఎక్కాలే గుర్తుంటాయి. ఎక్కాల కోసం ఇంకో రోజు చేయండి.

మా ప్రాంతంలో ఇంకొక ఇబ్బంది ఉంది. ఖరీఫ్ అయిపోగానే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతారు. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వెళ్లినవాళ్లకు మేం వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుతాం. పిల్ల తన గొంతుతోనే చెబుతుంది, అర నిమిషం. "అమ్మా, నేను ఏడో ఎక్కం చెప్తా విను." చీటీ రాసి పంపితే చదివిపెట్టేవాళ్లు కావాలి, గొంతుకు ఎవరూ అక్కర్లేదు. కోతల దగ్గర సిగ్నల్ దొరికినప్పుడు వింటారు. ఒక తండ్రి తిరిగొచ్చాక చెప్పాడు, ఆ ఎక్కం కళ్లంలో ఉన్న పది మందికీ వినిపించాడట. తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలు మార్చిలోనో ఏప్రిల్‌లోనో తిరిగొస్తారు. "ఎన్ని రోజులు ఎగ్గొట్టావు?" అని మొదలుపెట్టకండి. వచ్చిన రోజే పుస్తకంలో రాయండి: వచ్చింది.

ఆరో పని: ఏడాదికొక సాయంత్రం ఊరి ముందు

వార్షికోత్సవాలు సాధారణంగా ఫిబ్రవరిలోనో మార్చిలోనో పెడతారు. మాకు అప్పటికి ఊరే ఖాళీ. అందుకే బాలల దినోత్సవం, నవంబరు 14, ఖాయం చేసుకున్నాం. వలసలు పూర్తిగా మొదలు కాకముందు వచ్చే రోజది. మీ ఊళ్లో నాట్లు, కోతలు, జాతర ఎప్పుడో చూసుకుని మీ తేదీ పెట్టుకోండి. వేళ కూడా అంతే. పదింటికి పెడితే సర్పంచ్ వస్తారు, తల్లులు రారు. కూలికి పోయి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, ఆరున్నరకు పెట్టండి. బడి వేళల తర్వాత కాబట్టి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి చెవిన ముందే ఒక మాట వేయండి.

స్కూల్ కమిటీని వారం ముందు కూర్చోబెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి పనులు అక్కడే పంచుకోవచ్చు. పట్టలు గుడి నుంచి, మైకు చర్చి నుంచి, బొరుగులూ ఉల్లిపాయలూ తలా ఒక ఇంటి నుంచి. ఉగ్గాణి చేస్తే వచ్చినవాళ్లు కూర్చుంటారు. మా ఖర్చు ఎప్పుడూ వెయ్యి రూపాయలు దాటలేదు: 46 పెన్సిళ్లు, డ్రాయింగ్ షీట్లు, బల్బు, టీ.

కార్యక్రమం గంట. ప్రతి పిల్ల పేరూ పిలవాలి, ప్రతి పేరుకూ పుస్తకంలోంచి ఒక్క వాక్యం. చదివేది పిల్లలే, ఒకరిది మరొకరు. వారం రోజులు సాధన చేయించండి, మైకు ముందు గొంతు పెగలదు. పెన్సిలు అందరికీ ఒకటే రకం. మూడు రకాల బహుమతులు పెడితే ఇంటికి వెళ్లే దారిలో పోలికలు మొదలవుతాయి. శాలువా ఒకటి కొని వంట చేసే అక్కకు కప్పండి, అది పిల్లల చేత కప్పించండి. పెద్దల ప్రసంగాలు చివర్న, తలా మూడు నిమిషాలు. దీన్ని అమలు చేయడం ఎలా అని అడక్కండి. మేం ఉగ్గాణి పళ్లేలు కనబడేలా పెడతాం, చాలావరకు పనిచేస్తుంది.

దాతలు వస్తారు, మంచిదే. బ్యాగులు ఇస్తారు, పేద పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఫొటో అడుగుతారు. బ్యాగులు మర్నాడు తరగతిలో మేమే ఇస్తామని నవ్వుతూ చెప్పండి. ఫొటోల సంగతికొస్తే, పిల్లల ముఖాలు స్టేటస్‌లో పెట్టేముందు తల్లిదండ్రుల్ని అడగాలి. ఆ సాయంత్రం నేను తీసే ఫొటోలు ఎక్కువగా చేతులవీ కాగితాలవీ.

బడి మూసే రోజు

ఏప్రిల్ 23 ప్రాంతంలో సెలవులు ఇస్తాం. అంతకు ముందు వారం ఐదో తరగతి పిల్లలు పుస్తకం ముందేసుకుని, ఐదేళ్లలో తమ గురించి ఉన్న రాతలన్నీ వెతికి ఒక కాగితం మీద ఎత్తి రాసుకుంటారు. కింద మేమిద్దరం సంతకం చేసి, స్కూల్ సీలు వేసి, టీసీతో పాటు చేతికిస్తాం. సీలు అక్కర్లేదు నిజానికి. వాళ్లే వేయమన్నారు.

పోయినేడు ఆధార్ పనేదో ఉండి ఒక తల్లి బడికొచ్చింది. ప్లాస్టిక్ కవరు తెరిచి కాగితాలు ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతోంది: రేషన్ కార్డు, పాస్ పుస్తకం, ఆధార్ జిరాక్సు, ఆ తర్వాత మా కాగితం, నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరుగుతూ. ఈ ఏడు నుంచి సగం సైజు కాగితం మీద రాయిస్తున్నాం, ఆ కవర్లో ఒక్క మడతతో పట్టేలా.